ఎండు కాలువలో పడవ

మా మేస్త్రీగారు మొన్న పోయారు. కొత్తపేట నుంచి వచ్చిన ఇటుకల పడవవాడు కబురు చెప్పాడు. నాకు రాత అంతంత మాత్రం. తెలిసింది తెలిసినట్టు రాస్తున్నాను.

మొదట ఆయన దగ్గర మేం నలుగురం తాపీవాళ్లం. బావులు, ప్రహరీలు కట్టుకునేవాళ్లం. ఆనకట్ట అయ్యి ఇటు కాలువలు తవ్వుతున్నప్పుడు, ఆ పని చూసే ఇంజనీరు దొర మాకు రాజోలు దారిలో ఒక వంతెన ఇచ్చాడు. అది బాగుంటే దిగువనున్న మూడూ మావే. లేకపోతే రాజమహేంద్రవరం జట్టుకు పోతాయి. మేస్త్రీగారు ఆ పని నా చేతిలో పెట్టారు. నాకంటే పనివాడు ఆయనకు లేడు మరి.

గోడలు లేపి, కమానుకు చెక్క అచ్చు బిగించాను. కిందనుంచి నెత్తిన గంపతో మనిషి దర్జాగా పోవచ్చు. మేస్త్రీగారు వచ్చి చూశారు.

"బాగుందిరా. మరి పడవో?"

"పోతుందండి."

"నీళ్లెక్కడిదాకా వస్తాయో చూసేవా?"

కాలువలో ఇంకా చుక్క నీరు లేదు. నేను అడుగు నేల నుంచే కొలిచాను.

మర్నాడు ఆయన ఒక పాత పడవను బండిమీద తెప్పించారు. గట్టున దొర పెట్టించిన నీటిగుర్తు చూసి, పడవ మునిగే మూరెడూ తగ్గించి, ఆ ఎత్తుకు తాటిదుంగలు పేర్పించారు. వాటిమీద పడవ ఎక్కించి కొబ్బరికాయలు నింపించారు. ఊరంతా చేరింది.

"ఏవండీ మేస్త్రీగారూ, నీళ్లు రాకుండానే బయల్దేరేరా?" అన్నాడొక రైతు.

"ఆయ్. ముందెళ్తే రేవులో తొక్కిడుండదండి."

తాళ్లు కట్టి లాగారు. కాయల గుట్ట వెళ్లి అచ్చుకు కొట్టుకుంది. నాలుగు కాయలు నా కాళ్ల దగ్గరికే దొర్లాయి. జనం ఒకటే నవ్వు.

అచ్చు విప్పి గోడలు ఇంకా లేపమన్నారు మేస్త్రీగారు. నేను విప్పనన్నాను. "పడవవాళ్లే కాస్త తక్కువేసుకుంటారండి."

"వేసుకుంటారు. ప్రతీవోడూ నిన్ను తిట్టుకుంటా నడుం వంచి పోతాడు. ముసలాడివయ్యేదాకా తింటావా ఆ తిట్లు? వంతెన మీద నడిచేవోడిదే కాదురా, కింద పోయేవోడిది కూడా."

విప్పాను. వారం రోజుల పని పోయింది. ఆయనా పంచె ఎగ్గట్టి నాతోపాటు ఇటుకలు మోశారు. ఎత్తిపొడుపు మాట ఒక్కటి లేదు, వాళ్లింట్లో పులస పులుసు ఎలా చెడిందో చెబుతూనే ఉన్నారు.

తరువాత ఆ మూడు వంతెనలూ మాకే వచ్చాయి. తూములొచ్చాయి, లాకులొచ్చాయి. సొంత ఇటుకబట్టీ, సొంత సున్నపు గానుగ, మూడు జట్లకు ముగ్గురు మేస్త్రీలు. అందులో పెద్దవాణ్ణి నేను. ఎవరి పనైనా సరే, ముందు ఎండు కాలువలో పడవ లాగి చూడాల్సిందే.

కాలువకు మొదట నీళ్లు వదిలిన రోజు నాకు బాగా గుర్తు. కొబ్బరికాయల పడవ వస్తోంది. మేస్త్రీగారు ఆ గుట్టమీద వెల్లకిలా పడుకుని ఉన్నారు. నేను ఆ మొదటి వంతెన మీద నిలబడ్డాను. పడవ కిందికి దూరింది. కిందనుంచి ఆయన గొంతు వినిపించింది.

"చెయ్యి చాపితేగాని అందట్లేదురా."

అవతలి పక్కకు పరిగెత్తి చూశాను. పడవ వెలుగులోకి వచ్చింది. ఆయన ఇంకా అలాగే పడుకుని, చెయ్యి పైకెత్తి ఉన్నారు. వేళ్ల చివర మా కమాను సున్నం తెల్లగా అంటుకుని ఉంది.