మేకల్ని మళ్లేసే కేక

ఈమధ్య ఎవరో మా వీధికొచ్చి, పిల్లల్ని ఎలా కాపాడుకోవాలో పెద్ద ఉపన్యాసం ఇచ్చిపోయారు. కూర్చుని విన్నాను. నవ్వొచ్చింది. మా అమ్మలకు ఇవేవీ ఎవరూ చెప్పలేదు. వాళ్ల తిప్పలు వాళ్లే పడ్డారు.

పుల్లలచెరువు అవతల, నల్లమల అంచున మా పల్లె. అప్పట్లో కర్నూలు జిల్లా, పైన దొరల రాజ్యం. వానలు మొహం చాటేసిన ఏడాది, యుద్ధానికి మనుషులు కావాలంటే మా క్రైస్తవుల ఇళ్లలో మగవాళ్లు చాలామంది మార్కాపురం పోయి, ఛాతీ కొలిపించుకుని పటాలంలో చేరారు. మా నాయన కూడా పోయాడు. మిగిలింది ఆడవాళ్లూ, పిల్లలూ, మేకలూ. అమ్మలు పొద్దున్నే కూలికి పోతే పొద్దుగుంకేదాకా తిరిగొచ్చేవాళ్లు కాదు.

ఆ ఎండాకాలంలోనే పక్క పల్లెలో ఒక పసివాణ్ణి ఎవరో బయటి నుంచి పేరు పెట్టి పిలిచారట. వాడు "ఆఁ" అంటూ మసక వెలుతుర్లోకి పోయాడు. మళ్లీ కనపడలేదు. చిరుత ఎత్తుకుపోయిందన్నారు కొందరు. చిరుత పేరు పెట్టి పిలుస్తుందా? ఆ తెలివితక్కువ మాటకు నాకు ఒళ్లు మండింది. భయం మాత్రం ఎముకల దాకా దిగింది.

అప్పుడు మా అవ్వ, అంటే మా నాయన తల్లి, అమ్మలందర్నీ ప్రార్థన ఇంట్లో కూర్చోబెట్టి కట్టుబాటు చేసింది. పటాలానికి పోయినవాళ్ల పిల్లలంతా పగలు ప్రార్థన ఇంట్లో తన దగ్గరే ఉండాలి. ఎవరింట్లో సంగటి కెలికితే వాళ్లు అందరు పిల్లలకూ ముద్దలు పంపాలి. పొద్దు వాలగానే తలుపుకు గడియ పడాలి. బిడ్డ కోసం వచ్చిన తల్లి పేరు పెట్టి పిలవకూడదు.

"పేరుదేముంది, దోవన పోయే ఎవడైనా పిలుస్తాడు. మీ మేకల్ని ఎట్ల మళ్లేస్తారో అట్ల కేకెయ్యండి. మేకకు తెలిసింది బిడ్డకు తెల్దా?" అంది అవ్వ.

మా వైపు మేకల్ని మళ్లేసే కేక ఇంటికొకటి ఉంటుంది. ఒకరి కేకకు ఇంకొకరి మేక తలైనా ఎత్తదు. బయట కేక వినబడితే ఆ ఇంటి బిడ్డ లేచేది, అవ్వ గడియ తీసేది. మిగతావాళ్లం కదిలామా, వీపు విమానం మోతే.

మా అమ్మ చెల్లెలు, మా చిన్నమ్మ, మా పక్కింట్లోనే ఉండేది. ఆమె భర్త బర్మా వైపు పోయాడని విన్నాం. చాలా కాలంగా కబురు లేదు. వాళ్లకు ఒక్కతే కూతురు. మాటలు బాగా నేర్చిన పిల్ల. ఎప్పుడూ నా ఒళ్లోనే ఉండేది.

ఒక సాయంత్రం చిన్నమ్మ జ్వరంతో కూలికి పోకుండా ప్రార్థన ఇంట్లోనే మా పక్కన పడుకుని ఉంది. ఎండిపోయిన వాగు వైపు నుంచి కేక వచ్చింది. చిన్నమ్మ వాళ్ల ఇంటి కేక.

పాప నా ఒళ్లోంచి దూకి తలుపు దగ్గరికి పరుగెత్తింది. మీ అమ్మ ఇక్కడే ఉంది కదే, అనబోయాను. అంతలో చిన్నమ్మ లేచి కూర్చుంది. కేక చివర ఒక విరుపు ఉంది. అది ఆమెకు ఎన్నడూ పలికేది కాదు, ఆమె మొగుడికే పలికేది.

దొడ్లో చిన్నమ్మ వాళ్ల మేకలన్నీ ఒక్కసారిగా అరిచాయి. మిగతా మేకలు కిక్కురుమనలేదు.

అవ్వ పాపను రెక్క పట్టుకుని లాగి, తలుపుకు వీపానించి కూర్చుంది. కేక వాగు వెంట దూరంగా పోయింది, మళ్లీ దగ్గరికొచ్చింది, ఆగిపోయింది. కూలి నుంచి వచ్చిన అమ్మా వాళ్లు ఎవరి కేక వాళ్లేసి, గడియ తీయగానే రొప్పుతూ లోపలికొచ్చి పడ్డారు. వాళ్లకూ వినబడిందట. దారిలో మనిషన్నవాడు కనబడలేదట.

మర్నాడూ అదే వేళకు వచ్చింది. ఆ మర్నాడు కూడా.

"అత్తా, ఆయనేమో. తలుపు తియ్యి," అంది చిన్నమ్మ.

"ఆయనైతే పగలొచ్చి ఇంట్లో కూకోడా? ఏందే నీ పిచ్చి! సచ్చినోళ్లు బిడ్డ కోసరం తిరుగుతారు. నువ్వు పలికితే బిడ్డను తీస్కపోతాడు."

"సచ్చిపోయినాడని నీకెవరు జెప్పినారు?"

"ఉన్నాడని నీకెవరు జెప్పినారు?"

తలుపు తీస్తే బిడ్డ పోతుందేమో, తీయకపోతే మొగుడు పోతాడేమో. చిన్నమ్మ మొహం చూడలేకపోయాను. అవ్వ మీద పట్టరాని కోపం వచ్చింది. ఎక్కడ తలుపు తీస్తుందోనని భయపడ్డాను కూడా.

చివరికి చిన్నమ్మ పాపను నా ఒళ్లో కూర్చోబెట్టింది. "గట్టిగా పట్టుకో. నేను పిలిచినా ఇడవాకు," అని, అవ్వను పక్కకు జరిపి బయటికి పోయింది. అవ్వ వెనకే గడియ వేసింది.

బయట ఆ కేక. దానికి బదులుగా చిన్నమ్మ కేక. ఇంకోసారి అది, ఇంకోసారి ఇది. తర్వాత రెండూ లేవు. పాప గింజుకుంటోంది, నేను చేతులు బిగించి కూర్చున్నాను. అవ్వ కళ్లు మూసుకుని ప్రార్థన చేస్తోంది.

చాలాసేపటికి తలుపు అవతల కేక వినబడింది. విరుపు లేదు. అవ్వ ఒక క్షణం చెవి పెట్టి విని గడియ తీసింది. చిన్నమ్మ చీర ముళ్లకు పట్టి చిరిగి ఉంది.

"ఆయనే. మనిషే అత్తా. కాళ్లకు బూట్లున్నాయి, ఒంటి మీద పటాలం చొక్కా ఉంది. నన్ను జూసి, 'అమ్మా, మా మేకలేమన్నా ఇట్ల వచ్చినాయా?' అని అడిగినాడు."

అవ్వ మళ్లీ గడియ పెట్టింది.

"చెయ్యి పట్టుకున్నా. నేనే అని చెప్పినా. పేరు పెట్టి పిలిచినా. పేరు ఇనంగానే జడుసుకుని కొండ దిక్కు పరిగెత్తినాడు."

తెల్లారి ఆడవాళ్లంతా కర్రలు పట్టుకుని వెతికారు. వాగు ఇసుకలో బూటు గుర్తులు బండల దాకా ఉన్నాయి, ఆ పైన లేవు. అందరూ తిరిగొచ్చాక కూడా అవ్వ ఒక్కతే అక్కడే తిరుగుతూ ఉండిపోయింది. దయ్యమన్న మాట మళ్లీ ఆమె నోట రాలేదు.

ఆ సాయంత్రం కేక రాలేదు. పాప తలుపు వైపు చూసీ చూసీ విసిగిపోయింది.

"అమ్మా, కేకేసేది ఎవరు? నాయనేనా?"

"కాదు తల్లీ," అంది చిన్నమ్మ. "ఎవరో పాపం, మేకలు తప్పిపోయినాయంట. ఎతుక్కుంటా పోయినాడు."

పాప తల్లి కొంగు పట్టుకుని లాగింది.

"అయితే మనయి ఇచ్చేద్దాం అమ్మా. ఆయన పిలిస్తే మన మేకలే గదా పలికేది."

అన్ని రోజులూ కంట తడి పెట్టని చిన్నమ్మ అప్పుడు ఏడ్చింది.