నన్ను వదినా అన్న గొంతు

దయ్యాల కబుర్లు మొదలైతే పక్కగదిలోకి వెళ్ళిపోయే మనిషిని నేను. భయం వల్ల కాదు, విసుగు వల్ల. ఫిజిక్స్ చదువుకున్నాను, ఆడపిల్లల కాలేజీలో ఏళ్ళ తరబడి అదే పాఠం చెప్పాను. ఇప్పుడు చెప్పబోయేది జరిగిన తర్వాత కూడా నేను దయ్యాలను నమ్మలేదు. అలాగని జరిగినదాన్ని జరగలేదనమంటే మాత్రం అనను. చాలామంది అనిపించాలని చూశారు. వాళ్ళ వల్ల కాలేదు.

మాది గోదావరి జిల్లా. మా వారి పోర్టు ఉద్యోగం కోసం విశాఖ వచ్చి, సీతమ్మధారలో ఒక మేడ మీద వాటాలో అద్దెకు ఉండేవాళ్ళం. మా అత్తగారు మాతోనే ఉండేవారు. ఎనభైల మొదట్లో నాకు హ్యామ్ రేడియో పిచ్చి పట్టింది. లైసెన్సు తీసుకుని, ఇంట్లోనే సెట్టు పెట్టుకుని, మనలాంటి పిచ్చివాళ్ళతో గాలిలో మాట్లాడుకోవడం. విశాఖలో అప్పుడు మేం గుప్పెడుమంది. ఆడమనిషిని నేనొక్కదాన్నే.

మాకు పెద్దదిక్కు మాస్టారు. ఓడల మీద రేడియో ఆఫీసరుగా చేసి రిటైరయ్యారు. మా అందరికీ మోర్స్, అంటే చుక్కలూ గీతలతో మాట్లాడే టెలిగ్రాఫు భాష, నేర్పింది ఆయనే కాబట్టి మాస్టారు అనేవాళ్ళం. ఇంకో ముఖ్యమైన మనిషి అప్పల్నాయుడు. అచ్యుతాపురం అవతల సముద్రం ఒడ్డున వాళ్ళ ఊరు. స్టీలు ప్లాంటు కడుతున్న రోజుల్లో అక్కడ ఎలక్ట్రికల్ పనిలో ఉండేవాడు. గలగలా మాట్లాడే మనిషి. అతను మైకు పట్టుకుంటే మిగతావాళ్ళకి వంతు వచ్చేది కాదు. మా వారిని బావా అనేవాడు, నన్ను మేడమ్ అనేవాడు.

తీరం వెంట ఉన్న ఊళ్ళకి ఫోన్లు సరిగా లేని కాలం అది. తుఫాను వస్తే అక్కడి మనుషులు ఏమయ్యారో రెండు మూడు రోజుల దాకా తెలిసేది కాదు. అందుకని కొండ మీద ఒక రిపీటర్ పెట్టాలనుకున్నాం. రిపీటర్ అంటే పెద్ద విషయమేమీ కాదు. చేతి సెట్టు నుంచి వచ్చే సన్నటి మాటని కొండ మీద అందుకుని, గట్టిగా మళ్ళీ వదిలే యంత్రం. మా ఏర్పాటులో మాట ఒక బ్యాండు మీద, అంటే ఒక రకం తరంగాల మీద, వచ్చేది, ఇంకో బ్యాండు మీద తిరిగి వెళ్ళేది. కొండ మీద గది ఇచ్చిన పెద్దమనిషి ఒక్క యాంటెన్నాకే ఒప్పుకున్నాడు. ఒకే యాంటెన్నా మీద రెండు బ్యాండ్లూ నడవాలంటే, దేనిదారిన దాన్ని పంపే డబ్బా ఒకటి మధ్యలో ఉండాలి. దాన్నే డిప్లెక్సర్ అంటారు.

విదేశం నుంచి తెప్పిద్దామన్నారు మాస్టారు. ఓడల వాళ్ళు ఆయనకి తెలుసు. నేను చేస్తానన్నాను. "వంటగదిలో చేసే పని కాదమ్మా ఇది," అన్నారాయన. ఆ మాటతో ఇక చేయకుండా ఉండటం నా వల్ల కాలేదు.

పూర్ణా మార్కెట్ వైపు పాత సామాను కొట్లలో తిరిగి ఇత్తడి రేకు, మంచి కెపాసిటర్లు ఏరుకొచ్చాను. లావు రాగి తీగని పెన్ను గొట్టానికి చుట్టి కాయిల్స్ చేశాను. ఎడమవైపు ఒక బ్యాండుకి, కుడివైపు ఇంకోదానికి. చుట్లు కొద్దిగా దగ్గరికి జరిపినా దూరం జరిపినా లెక్క మారిపోతుంది. లోహం తగిలితే పాడవుతుంది కాబట్టి వెదురు పుల్లతో జరిపేదాన్ని. మా వంటగదిలోనే. అన్నీ కుదిరాక మూత పెట్టి, నాలుగు అంచులా టంకం వేసి మూసేశాను. లోపల ఏముందో కళ్ళతో చూసినదాన్ని నేనొక్కదాన్నే.

పరీక్ష ఒక ఆదివారం పెట్టుకున్నాం. మా మేడ మీది యాంటెన్నాకి డబ్బా తగిలించి నేను వింటాను. అప్పల్నాయుడు చేతి సెట్టు తీసుకుని బస్సులో వాళ్ళ ఊరికి వెళ్ళి అక్కడి నుంచి మాట్లాడతాడు. తోడుగా మా వారు వెళ్ళారు. ఆయనకి రేడియో మీద ప్రేమేమీ లేదు, సముద్రం ఒడ్డున తాజా చేపలు కొనుక్కోవచ్చని వెళ్ళారంతే.

మధ్యాహ్నం భోజనాలయ్యాయి. ఎండ మండిపోతోంది. నేను మేడ మీది గదిలో సెట్టు ముందు కూర్చున్నాను. మా అత్తగారు గుమ్మం దగ్గర నీడలో చేటతో బియ్యం ఏరుతున్నారు. సెట్టులో ఒకటే బుస. అది కూడా ఉండాల్సినదానికంటే నీరసంగా ఉంది. ఏదో తేడాగా ఉందనుకుంటూనే ఉన్నాను.

అప్పుడు గొంతు వచ్చింది. అప్పల్నాయుడి గొంతు. పక్కన కూర్చుని మాట్లాడినంత స్పష్టంగా ఉంది.

"వదినా, డబ్బా మూత తియ్యి. ఎడమేపు కాయిల్ కాడ అతుకు ఇడిపోనాది. సూడు."

అంతే. నేను మైకు తీసుకుని ఎక్కడున్నావని అడిగాను. జవాబు లేదు. మళ్ళీ అదే నీరసపు బుస.

"ఎవరమ్మాయ్ అదీ, నిన్ను వదినా అంటన్నాడు?" అన్నారు మా అత్తగారు.

"అప్పల్నాయుడండీ."

"వాడు మనవాడిని బావా అంటాడుగా. వదినెలా అవుతావే?"

నిజమే. మా వారిని బావా అనేవాడికి నేను చెల్లెలినో అక్కనో అవుతాను. మా వారికి తోబుట్టువులు లేరు, నాకూ లేరు. నన్ను వదినా అని పిలిచేవాళ్ళు ఈ భూమ్మీద ఎవరూ లేరు. కానీ ఆ క్షణంలో నా బుర్రలో వరసలు లేవు, అతుకే ఉంది. సోల్డరింగ్ ఐరన్ వేడి చేసి మూత ఊడదీశాను. ఎడమవైపు కాయిల్ చివర చూస్తే అతుక్కునే ఉన్నట్టుంది. వెదురు పుల్లతో తాకాను. కదిలింది. కిందనుంచి పూర్తిగా ఊడిపోయి, ఊరికే ఆని ఉంది.

మళ్ళీ టంకం పెట్టాను. సెట్టులో బుస ఒక్కసారిగా నిండుగా వచ్చింది. సంతోషపడ్డాను కూడా. ఆ తర్వాతే తట్టింది. మూసేసిన ఇత్తడి డబ్బాలో ఏ అతుకు ఊడిందో అచ్యుతాపురం అవతలున్న మనిషికి ఎలా తెలుస్తుంది?

సాయంత్రం కాకముందే ఇద్దరూ తిరిగొచ్చారు. చేపలు లేవు. ఇద్దరి మొహాలూ ఎండకి కమిలిపోయి ఉన్నాయి.

"ఏటి సేత్తాం మేడమ్, అనకాపల్లి దాటాక బస్సు ఆగిపోనాది," అన్నాడు అప్పల్నాయుడు. "ఇంకో బస్సు రానేదు. ఎండలో నిలబడి నిలబడి ఎనక్కి వచ్చీసాం. ఇంకో ఆదివారం సూద్దాం."

"మరి నువ్వు మాట్లాడావుగా?"

"నానా? నానేటీ మాటాడనేదు. సెట్టు సంచీలోంచి తియ్యనే లేదు."

మా వారి వైపు చూశాను. "సంచీ నా ఒళ్ళోనే ఉంది. వాడు నా పక్కనే ఉన్నాడు," అన్నారాయన. వేళాకోళానికి కూడా అబద్ధం ఆడని మనిషి. నేను జరిగింది చెప్పాను. మా వారు నవ్వబోయి, అత్తగారి మొహం చూసి ఆగిపోయారు.

అప్పల్నాయుడు నవ్వలేదు. ఆ గొంతు అన్న మాటలు మళ్ళీ చెప్పమన్నాడు. చెప్పాను. ఇంకోసారి చెప్పమన్నాడు. తర్వాత మంచినీళ్ళు కూడా తాగకుండా వెళ్ళిపోయాడు.

ఆ మర్నాటి నుంచి నాతో వాదించనివాళ్ళు లేరు. దగ్గర్లో ఎవరో ఆటపట్టించారన్నారు. నా సెట్టు కాక, ఆ బ్యాండు మీద మాట్లాడగల సెట్లు మా వాళ్ళ దగ్గర అప్పటికి రెండే ఉన్నాయి, రెండూ చేతి సెట్లే. ఒకటి మా వారి ఒళ్ళో ఉంది. రెండోది మాస్టారి ఇంట్లో రిపేరుకి విప్పి, బల్లమీద ముక్కలుగా ఉంది. నేను వెళ్ళి చూశాను. అతుకు అప్పుడప్పుడూ తగిలి మాట దూరి ఉంటుందన్నారు మాస్టారు. తగిలి ఉండొచ్చు, ఒప్పుకున్నాను. తగిలితే దూరడానికి అసలు మాట్లాడిందెవరు? ఎండకి నిద్రమత్తులో కల వచ్చిందన్నారు ఇంకొకరు. అయితే అదే కల మా అత్తగారికి కూడా వచ్చిందా? ఆవిడ బియ్యం ఏరుతున్నారు, నిద్రపోవడం లేదు.

తర్వాతి ఆదివారం నేనే ఆ అతుకు మళ్ళీ ఊడదీసి, అప్పల్నాయుడిని వాళ్ళ ఊరికి పంపాను. అతను మోర్స్‌లో పిలిచాడు. బుస తప్ప ఏమీ వినిపించలేదు. అతుకు పెట్టాను. చక్కగా వినిపించాడు. నా డబ్బా నేను చెప్పినట్టే పనిచేస్తోంది. పని చేయనిది మా బుర్రలే.

అప్పటికి మాస్టారు మాట మార్చారు. "ఏదైతేనేం, అందరికీ అనుమానం పట్టుకుంది. ఆ డబ్బా పక్కన పెట్టేయమ్మా. బయటి నుంచి తెప్పిద్దాం," అన్నారు. జీవితమంతా మూఢనమ్మకాలను ఎగతాళి చేసిన మనిషి.

"దానిలో లోపం చూపించండి, పక్కన పెడతాను," అన్నాను. "గొంతు వినిపించడం లోపం కాదు. రేడియో పని అదే."

శాంతి చేయించమని ఇల్లు అద్దెకిచ్చినవాళ్ళు మా అత్తగారికి చెప్పారు. నేను గొడవకి సిద్ధపడి ఉన్నాను. ఆవిడ మాత్రం, "ఏం చెడ్డమాట అన్నాడని శాంతి? ఊడింది ఊడిందని చెప్పాడు," అని ఊరుకున్నారు. నేనే ఆ డబ్బాని ఒళ్ళో పెట్టుకుని, జీపులో కొండెక్కి, నా చేత్తో బిగించి వచ్చాను.

నష్టపోయింది అప్పల్నాయుడు. ఆ రోజు నుంచి అతను మైకు ముట్టుకోలేదు. చేతి సెట్టులో కూడా బటన్‌తో టకటకలాడించి మోర్స్‌లోనే పలికేవాడు. ఇంట్లో, పనిలో అందరితో మామూలుగానే మాట్లాడేవాడు. గాలిలోకి మాత్రం మాట వదిలేవాడు కాదు. ఒకసారి గట్టిగా అడిగాను.

"నా గొంతేసుకుని ఎవుడో మాటాడీసాడు మేడమ్," అన్నాడు. "రేపు నాను మాటాడితే, అది నానేనని మీకెలాగ తెలుస్తాది? నాకెలాగ తెలుస్తాది?"

దానికి నా దగ్గర ఫిజిక్స్ లేదు. ఏడిపిద్దామని, కొత్తగా లైసెన్సు తీసుకున్న కుర్రాళ్ళు కొందరు గాలిలోనే వదినా వదినా అని పిలిచేవారు. అతను సెట్టు కట్టేసి వెళ్ళిపోయేవాడు.

కొన్నేళ్ళు అలాగే గడిచాయి. ఒక తుఫాను వచ్చింది. ఊళ్ళో చెట్లు, స్తంభాలు కూలిపోయాయి. ఫోన్లు లేవు. సహాయ కేంద్రంలో ఒక మూల నేనూ మాస్టారూ సెట్టు పెట్టుకుని కూర్చున్నాం. అప్పల్నాయుడు రెండు రోజుల ముందే వాళ్ళ ఊరెళ్ళాడు. పొద్దున్నుంచీ అటు నుంచి ఉలుకూ పలుకూ లేదు.

కొండ మీది రిపీటర్ బతికే ఉంది. పదకొండు గంటల వేళ గాలి హోరులోంచి ఒక గొంతు వచ్చింది. మొదటి మాట వినపడలేదు.

"...నానే, నానే మాటాడతన్నాను. బడి మీదికెక్కీసినాం అందరం. పిల్లలున్నారు. నీళ్ళు పెరిగిపోతన్నాయి. పడవలు పంపండి."

మాస్టారు నా వైపు చూశారు. అప్పల్నాయుడు గాలిలో నోరు విప్పి ఏళ్ళయింది. అక్కడ పడవల పని చూస్తున్న అధికారికి మా పాత కథ ఎవరు చెప్పారో తెలియదు, ఆయనకీ తెలుసు. ఉన్న పడవలు తక్కువ. వాటి కోసం వేరే ఊళ్ళు కూడా ఎదురుచూస్తున్నాయి.

"ఆ మాట్లాడింది అతనేనని మీరు చెప్పగలరా?" అని అడిగాడాయన.

నేను మైకులో పిలిచాను. పేరు పెట్టి పిలిచాను. హోరు తప్ప జవాబు లేదు.

చెప్పలేననే అన్నాను. "అతనో కాదో నాకు తెలియదు. కిందటిసారి అతను కాదు. అయినా అప్పుడు చెప్పింది నిజమే అయింది. ముందు పడవలు పంపండి, ఎవరు మాట్లాడారో తర్వాత తేల్చుకుందాం."

ఆయన తటపటాయించాడు. అప్పుడు మాస్టారు లేచి నిలబడి, "ఆవిడ చెప్పినట్టు చెయ్యండి," అన్నారు. అంతకుముందు ఎప్పుడూ నా మాటకి ఆయన అలా నిలబడలేదు.

పడవలు వెళ్ళాయి. బడి డాబా మీద జనం నిజంగానే ఉన్నారు. అందరినీ దింపారు. అప్పల్నాయుడు ఆఖరి పడవలో వచ్చాడు. మాట్లాడుతుండగానే అతని సెట్టులో బ్యాటరీ అయిపోయిందట.

మర్నాడు సహాయ కేంద్రానికి వచ్చాడు. ఒంటి మీద ఎవరిదో చొక్కా. ఎవరో ఇచ్చిన టీ గ్లాసు రెండు చేతులతో పట్టుకుని నా ఎదురుగా కూర్చున్నాడు.

"నిన్న మాటాడింది నానే మేడమ్," అన్నాడు.

"సరే."

"నానో కాదో తెలీకుండానే పంపించీసారంట?"

"అవును."

టీ తాగడం పూర్తయ్యాక నా ముందున్న మైకు తన వైపు లాక్కుని, ఇంకా జాడ తెలియని ఊళ్ళని పేరు పేరునా పిలవడం మొదలుపెట్టాడు. ఆ రోజంతా మైకు ఎవరికీ ఇవ్వలేదు.

ఆదివారం మధ్యాహ్నం నన్ను వదినా అన్నదెవరో నాకు ఇప్పటికీ తెలియదు. నాకు తెలిసిన లెక్కలన్నీ వేశాను, తేలలేదు. దయ్యమని చెప్పి మీరు సరిపెట్టుకోవచ్చు, భ్రమ అని చెప్పి ఇంకొకరు సరిపెట్టుకోవచ్చు. నేను మాత్రం రెండూ ఒప్పుకోను. తెలియదన్న మాట దగ్గరే ఆగిపోయి ఉన్నాను. అక్కడి నుంచి నన్ను కదల్చాలనుకునేవాళ్ళు ఇంతకంటే మంచి సమాధానం తీసుకుని రండి.