మీ మనిషినే

దోర్నాల నుంచి మార్కాపురం వచ్చే బస్సెక్కితే ఇప్పటికీ నా చూపు దారి పక్క ఇళ్ళ తలుపుల మీదికే పోతుంది. ఒకసారి నా పక్క సీట్లో కూర్చున్న అక్క అంటించిపోయిన అలవాటది. ఆమె పేరు కూడా నేను అడగలేదు.

ఒళ్ళో కూరగాయల సంచి పెట్టుకుని కూర్చుందామె. పెద్దారవీడు దాటాక ఒక పాత ఇల్లు కనబడగానే వేలి కణుపుతో కిటికీ ఊచను మెల్లగా తట్టింది. ఎందుకా అని తిరిగి చూశాను.

"ఆ తలుపు మా నాయన చేసింది తమ్ముడూ" అంది.

ఆయన వయసులో ఉన్నప్పుడే కేరళ నుంచి వడ్రంగి పనికి వచ్చి, ఇక్కడి పిల్లనే చేసుకుని, పిల్లల్ని కని, ఇక్కడే ఉండిపోయాడట.

"తలుపు బిగించినాక ఇంటోళ్ళను లోపలుంచి, తను బయట నిలబడి తట్టేటోడు. లోపల నుంచి 'ఎవరు' అంటే 'మీ మనిషినే' అనేటోడు. వాళ్ళొచ్చి తలుపు తీస్తే గానీ పనిముట్లు సర్దేటోడు కాదు."

"మరి మనవాళ్ళు ఆయన్ని అట్లా తమ మనిషిగా చూశారా అక్కా?" అన్నాను. మనవాళ్ళ సంగతి నాకు తెలుసు.

"శానా ఏండ్లు కేరళోడనే పిలిచినారు. నాయనకు అది బాధగానే ఉండేది."

ఒళ్ళోని సంచి సర్దుకుని, మళ్ళీ తనే అంది.

"వీధిలో పీనుగ పోతుంటే ఎవరైనా తలుపులు మూసుకుంటారు గదా. పోయినేడు మా నాయనను శవపెట్టెలో మోసుకొని పోతుంటే, మా ఊళ్ళో ఏ ఇంటోళ్ళూ తలుపు మూయలేదు తమ్ముడూ."