పందొమ్మిదిలో మూడింట రెండు వంతులు

1979 వేసవిలో నేను న్యూజెర్సీలో నైజీరియా ఎన్నికలు జరిపించాను. ఇది చెబితే మా పిల్లలు ఇప్పటికీ నవ్వుతారు.

అప్పటికి మేము పిస్కాటవే వచ్చి ఏడాది. మా ఆయన యూనివర్సిటీలో కెమిస్ట్రీలో పీహెచ్‌డీ చేస్తున్నాడు. నా వీసా మీద ఉద్యోగం చేయకూడదు. తెనాలి హైస్కూల్లో లెక్కలు చెప్పి, పిల్లల్ని గడగడలాడించినదాన్ని, పెళ్లయిన విద్యార్థులకిచ్చే చిన్న అపార్ట్‌మెంట్లో కూర్చుని కిటికీలోంచి పార్కింగ్‌లో కార్లు చూస్తూ ఉండేదాన్ని.

మా పై ఇంట్లో నైజీరియా దంపతులు ఉండేవారు. ఆయన సివిల్ ఇంజనీరింగ్, ఆవిడ నర్సింగ్ చదివేవారు. కారం మమ్మల్ని కలిపింది. ఇక్కడి దుకాణాల్లో దొరికే మిరప్పొడి వాళ్లకీ ఆనేది కాదు, మాకూ ఆనేది కాదు. అమ్మ పంపిన గుంటూరు కారం ఒక చెంచా ఇస్తే ఆవిడ నాలిక మీద వేసుకుని, కళ్లు మూసుకుని, "ఇదీ మిరపకాయంటే" అంది. ఆ రోజు నుంచి బట్టలుతకడానికి ఇద్దరం కలిసే వెళ్లేవాళ్లం.

పదమూడేళ్ల సైనిక పాలన తర్వాత వాళ్ల దేశంలో ఆ ఏడు ఎన్నికలు వచ్చాయి. ఐదు శనివారాలు, ఒక్కో శనివారం ఒక్కో పదవికి. పార్టీలూ ఐదే. ఆయనది పడమటి వైపు, కాగడా గుర్తు పార్టీ మనిషి. ఆవిడది తూర్పు తీరం, ఇల్లూ మొక్కజొన్న గుర్తు. అమెరికాలో ఉన్నవాళ్లకు ఓటు లేదు. అందుకని, ప్రెసిడెంటు ఎన్నిక జరిగే శనివారం నాడు ఇక్కడి విద్యార్థులంతా తమకు తామే ఓటింగు పెట్టుకోవాలనుకున్నారు. అయితే ఒకరు పెట్టెకు కాపలా ఉంటే ఇంకొకరు నమ్మరు.

ఆయన మా ఇంటికి వచ్చి అడిగాడు. "సిస్టర్, మీ దేశంలో మీరు ఎలక్షన్ డ్యూటీ చేశారటగా? మాకు న్యూట్రల్ పర్సన్ కావాలి."

మా ఆయన తెలుగులో గొణిగాడు. "మనకెందుకు వాళ్ల పాలిటిక్స్? నా థీసిస్ సబ్మిట్ చేసేదాకా కామ్‌గా ఉందాం."

"ఒక్క పూటేగా, నేను చేస్తాను" అన్నాను. నాకు ఒళ్లంతా ఉత్సాహంగా ఉంది.

మా అపార్ట్‌మెంట్ల కింద వాషింగ్ మెషీన్లుండే గదే పోలింగ్ బూత్. సబ్బు పొడి డబ్బాకు పైన చీలిక పెట్టి, కాగితంతో సీలు వేశాను. బ్యాలెట్ల మీద గుర్తులు నేనే గీశాను. కోడిపుంజు బాతులా ఉందని ఆ పార్టీవాళ్లు లిఖితపూర్వకంగా ఫిర్యాదు చేశారు. జుట్టు పెద్దది చేసి మళ్లీ గీశాను. ఓటేసిన ప్రతివాడి ఎడమ చూపుడు వేలి మీద నీలం మార్కర్‌తో గీత పెట్టాను. ఒకాయన పక్క గదిలో బ్లీచ్‌తో వేలు కడుక్కుని మళ్లీ వరసలో నిలబడ్డాడు. వేలు చూసి కాదు, బ్లీచ్ వాసనకు పట్టుకున్నాను. గదంతా ఒకటే నవ్వులు, ఆయనతో సహా. లెక్కపెడితే కాగడా గెలిచింది. మా పై ఇంటాయన భార్యను ఎత్తి గిరగిరా తిప్పాడు. ఆవిడ, "ఇది లాండ్రీ రూమ్, నైజీరియా కాదు, దించు" అంది.

నిజంగానే నైజీరియాలో వేరేలా జరిగింది. ఆవిడ పార్టీకే ఎక్కువ ఓట్లొచ్చాయి. కానీ గెలవాలంటే అదొక్కటే చాలదట. దేశంలోని పందొమ్మిది రాష్ట్రాల్లో కనీసం మూడింట రెండు వంతుల రాష్ట్రాల్లో, ఒక్కోచోట నాలుగోవంతు ఓట్లు రావాలి. వాళ్లకు పన్నెండు రాష్ట్రాల్లో వచ్చాయి, పదమూడోదాంట్లో తగ్గాయి.

రేడియోలో ఈ మాట విన్న వెంటనే ఆయన కాగితం, పెన్సిలు పట్టుకుని మా తలుపు కొట్టాడు. "సిస్టర్, పందొమ్మిదిలో టూ థర్డ్స్ ఎంత?"

"పన్నెండూ, ఇంకో మూడింట రెండు."

"రాష్ట్రాన్ని ముక్కలు చేస్తారా ఎక్కడైనా?"

"ఎలా చేస్తారు? పదమూడు అనుకోవాలి" అన్నాను, క్లాసులో చెప్పినట్టు.

ఆయన ఆ కాగితం మీద నా చేత సంతకం పెట్టించుకుని మరీ వెళ్లాడు. పది నిమిషాల్లో ఆవిడ దిగివచ్చింది.

"నిన్ను న్యూట్రల్ అనుకున్నాం. ఎలక్షన్ కమిషన్ పన్నెండూ రెండు బై మూడు చాలంది. వాళ్లకంటే నీకెక్కువ తెలుసా?"

వారం పాటు నన్ను పలకరించలేదు. ఒక్కదాన్నే బట్టలు మోసుకెళుతుంటే ఏడుపొచ్చింది. ఇక పై ఇంట్లో సంగతి ఆయనే చెప్పాడు. భోజనంలో ఆవిడ ఆయనకు సరిగ్గా పన్నెండు వేయించిన అరటి ముక్కలు వడ్డించి, పదమూడోదాన్ని కత్తితో కోసి రెండు వంతులే పెడుతోందట. మూడో వంతు ఆయన కళ్లెదుటే తాను తింటోందట. అది విని మా ఆయనకు నవ్వాగక పొలమారింది. నేను ఆ సాయంత్రమే పులిహోర చేసుకుని మేడెక్కాను. "నేను లెక్క చెప్పాను, తీర్పు కాదు" అన్నాను. ఆవిడ మూత తీసి చూసి, "ఇందులో ఫ్రాక్షన్స్ లేవుగా?" అని నవ్వేసింది.

ఆయన పార్టీవాళ్లు కోర్టుకెక్కారు గానీ, సెప్టెంబరు ఆఖరులో వాళ్ల సుప్రీంకోర్టు ఆవిడ వైపే తీర్పు చెప్పింది. కొత్త ప్రెసిడెంటు ప్రమాణం చేసిన రోజున కామన్ రూమ్‌లో విందు. ఓడినవాళ్లు రారేమోనని ఆవిడ బెంగపడింది. అందరికంటే ముందు ఆయనే వచ్చాడు, నేల జీరాడే తెల్లటి అంగీ వేసుకుని.

"తీర్పు తప్పు. నేను చచ్చేదాకా పదమూడే అంటాను" అన్నాడు. అందరూ గోల చేశారు. చేయెత్తి ఆపాడు. "కానీ పదమూడేళ్లు మా గొడవల్ని తుపాకులు తేల్చాయి. ఈసారి లాయర్లు భిన్నాల లెక్కతో కొట్టుకున్నారు. దానికి నేను డాన్స్ చేస్తాను."

నాకు 1977 మార్చి గుర్తొచ్చింది. ఎమర్జెన్సీ తర్వాతి ఎన్నికల్లో డ్యూటీ వేశారు. తెల్లారకముందే బడి గేటు దగ్గర జనం నిలబడి ఉన్నారు. ఎవరూ మాట్లాడుకోవడం లేదు, కదలడం లేదు. ఆ రోజు నాకు కలిగిన భావానికి మాట దొరకలేదు. ఆయన నోట అది విన్నట్టనిపించింది. నేనూ వెళ్లి ఆవిడ పక్కన నాకొచ్చిన అడుగులేవో వేశాను. మా ఆయన కూడా థీసిస్ మరిచిపోయి చప్పట్లు కొట్టాడు.

ఏడాదిన్నరకు వాళ్లు తమ దేశం వెళ్లిపోయారు. 1983 ఎన్నికలయ్యాక ఆవిడ దగ్గరనుంచి ఉత్తరం వచ్చింది. ఈసారి ఒక బడిలో తానే పోలింగ్ అధికారి. సమయం ముగిసేసరికి ఇంకా చాంతాడంత వరస ఉందట. ఒకడు గేటు మూయమన్నాడట. ఆవిడ చీటీలు రాసి, వరస చివరి మనిషి దగ్గర మొదలుపెట్టి ముందుకు పంచుకుంటూ వచ్చిందట, కొత్తవాళ్లు వెనక చేరకుండా. చీటీ ఉన్న అందరిచేతా ఓటు వేయించాకే పెట్టె సీలు చేసిందట. "చివరి ఓటు ఒక చేపలమ్మే ముసలామెది. నాకోసం ఒక చేప వదిలి వెళ్లింది. అధికారిని, తీసుకోకూడదు. మా ఆయన వండాడు" అని రాసింది.

ఆ ఏడు ఆఖరున మళ్లీ సైనికులు వచ్చారు. నాలుగు నెలలు నేను రాసిన ఉత్తరాలకు జవాబు లేదు. వేసవిలో ఒక ఫోటో వచ్చింది: ఆయన కట్టిన చిన్న వంతెన మీద ఇద్దరూ, ఆవిడ చంకలో పాప. ఫోటో వెనక ఒకటే వాక్యం: "మా పిల్ల అప్పుడే మాతో వాదన మొదలుపెట్టింది."