ఎడమచేతి కోసం ఎక్కించిన పాత సాఫ్ట్‌వేర్

1989. పత్తి సీజను ముగింపుకొచ్చిన రోజులు. కేసముద్రం స్టేషన్‌కు కాస్త అవతల ఉన్న ఒక జిన్నింగ్ మిల్లులో కొత్త కంప్యూటర్ పెట్టి రమ్మని నన్ను పంపించారు. జిన్నింగ్ అంటే పత్తిలోంచి గింజను వేరు చేయడం. అప్పట్లో నేను హనుమకొండలో ఒక డీలర్ దగ్గర సర్వీస్ ఇంజనీర్‌ని. జనగామ నుంచి మానుకోట దాకా ఏ ఆఫీసులో కంప్యూటర్ మొరాయించినా నేనే పోవాలి. అయినా మొత్తం కలిపితే వేళ్ల మీద లెక్కపెట్టేటన్నే ఉండేవి.

మాది కొడకండ్ల. అరవై తొమ్మిదిలో జనగామలో చదువుకుంటూ, ప్రత్యేక తెలంగాణ ఉద్యమంలో తిరిగి, ఏడాది చదువు పోగొట్టుకున్న బ్యాచ్ మాది. ఎవరైనా ‘కుదరదు’ అంటే ‘ఎందుకు కుదరదు’ అని అడగకుండా ఉండలేకపోవడం అప్పుడు పట్టిన జబ్బు. ఇప్పటికీ తగ్గలేదు. దానివల్ల ఉద్యోగంలో చాలా తిట్లు తిన్నాను.

ఆ మిల్లు ఆఫీసులో ఉత్తరాలు కొట్టే ఆపరేటర్ పేరు యాకలక్ష్మి. పదో తరగతి పాసై, జిన్నులో పనికి వచ్చి, మొదటి సీజన్‌లోనే కుడిచేతి వేళ్లను మిషన్‌కు ఇచ్చేసింది. పెద్ద సేటు బతికున్నప్పుడు ఆమెను ఆఫీసులో కూర్చోబెట్టి, కంప్యూటర్ మీద బొంబాయి, కోయంబత్తూరు మిల్లులకు పోయే ఉత్తరాలు అప్పగించాడు. ఆమె ఎడమచేత్తోనే అన్నీ కొట్టేది. నిదానంగా అనుకునేరు, మామూలు టైపిస్టులకు ఏమాత్రం తీసిపోదు.

అందులో ఆమె పట్టుదల ఎంతో, ఆ పాత సాఫ్ట్‌వేర్ చేసిన మేలూ అంతే. సాఫ్ట్‌వేర్ అంటే కంప్యూటర్ చేత పని చేయించే ప్రోగ్రామ్. ఆ పాతదాంట్లో తెరమీద పైకీ కిందికీ, అటూ ఇటూ కదలడానికి కంట్రోల్ మీటతో పాటు నాలుగు అక్షరాల మీటలు నొక్కితే చాలు. అన్నీ కీబోర్డుకు ఎడమ పక్కనే ఉంటాయి. చిటికెన వేలితో కంట్రోల్ పట్టుకుని మిగతా వేళ్లతో ఉత్తరమంతా చుట్టి వచ్చేది. కొత్త కంప్యూటర్‌తో వచ్చిన కొత్త సాఫ్ట్‌వేర్ వేరు. బాణం మీటలు కుడి చివర్లో, మిగతా పనులన్నీ పై వరుసలో, అవి కూడా రెండేసి మీటలు ఒక్కసారే నొక్కాలి. అది తయారుచేసినవాడికి రెండు చేతులూ ఉన్నాయని తెలిసిపోతూనే ఉంది.

పాతదాన్నే కొత్త కంప్యూటర్‌లోకి ఎక్కిద్దామని ఆ ప్రోగ్రామ్ దాచిన పలుచని డిస్కు, ఫ్లాపీ, పెట్టి ఇన్‌స్టాల్ కొట్టాను. ‘ఇన్‌కరెక్ట్ డాస్ వర్షన్’ అని తెరమీద ఒక్క ముక్క చెప్పి ఆగిపోయింది. కంప్యూటర్‌ను మొత్తంగా నడిపించేది ఆపరేటింగ్ సిస్టమ్. అప్పట్లో దాని పేరు డాస్. పాత కంప్యూటర్‌లో రెండో వర్షన్, కొత్తదాంట్లో మూడోది. పాత ప్రోగ్రామ్‌కు ఈ మూడోది నచ్చలేదు.

పెద్ద సేటు పోయాక మిల్లు చూసుకుంటున్న ఆయన కొడుకు, చిన్న సేటు, నా వెనకాలే నిలబడి అంతా చూశాడు. మొహం వెలిగిపోయింది.

“ఎక్కుతలేదు కదనే! గదే ముక్క నీ రిపోర్టుల రాసియ్యి. వరంగల్‌ల ఒక ఆపరేటర్‌ను మాట్లాడిపెట్టిన.”

“మరి లక్ష్మి?” అన్నాను.

“ఏమున్నది, జిన్ను కాడ పత్తి ఏరుకుంట కూసుంటది.”

యాకలక్ష్మి కుర్చీలోంచి కదల్లేదు. “నా చెయ్యి తిన్న మిషన్ కాడికే మల్ల తోలుతరా సేటూ? పెద్ద సేటు గీ కుర్సీల కూసోబెట్టిండు. నేను లెవ్వ. లేపేది ఉంటె కుర్సీతోటే లేపుండ్రి.”

చిన్న సేటు నా రిపోర్టు కాగితం వైపు వేలు చూపించాడు. రిపోర్టు చేతికి వస్తే ఆ పని దానంతట అదే అయిపోతుందని ఆయన ధైర్యం. అంటే ఆమె కుర్చీ నా సంతకం మీద ఆధారపడి ఉంది. నాకు ఒళ్లు మండింది. మా డీలర్‌కు ఫోన్ చేశాను. ఆయనది కోస్తా. మనిషి చెడ్డవాడు కాదుగానీ నా మాటను వెక్కిరించకుండా ఒక్కరోజూ ఉండలేడు.

“ఎందుకయ్యా నీకు అంత తాపత్రయం? పాతది ఎక్కదని రాసి వచ్చెయ్. మీ భాషలో చెప్పాలంటే, ఎక్కది. గంతే!” అని నవ్వాడు.

“గంతే కాదు సార్. ఇంక చూసేది ఉన్నది. చూడకుంట సంతకం పెట్ట,” అని ఫోన్ పెట్టేశాను. ఆయనతో నా భాషలో మాట్లాడడం అదే మొదలు. ఆ తర్వాత మానలేదు.

ముందు సులువైన దారి పట్టాను. పాత డాస్ ఫ్లాపీతోనే కొత్త కంప్యూటర్‌ను లేపితే పాత ప్రోగ్రామ్ బుద్ధిగా నడిచింది. కానీ లోపలున్న హార్డ్ డిస్క్, అంటే ఉత్తరాలన్నీ దాచుకునే పెద్ద పెట్టె, పాత డాస్ కంటికి ఆనలేదు. మళ్లీ ఫ్లాపీలతోనే నెట్టుకురావాలి. జిన్నులో ఎగిరే దూది ఫ్లాపీ డ్రైవుల్లో దూరి ప్రాణం తీస్తోందనే కదా వాళ్లు కొత్తది కొన్నది! ఆ దారి మూసుకుపోయింది.

మిగిలింది డీబగ్. ప్రోగ్రామ్ కడుపులో ఉన్న అంకెలను విప్పి చూపించి, మార్చనిచ్చే పనిముట్టు అది. ఫ్లాపీకి నకలు తీసి, ఆ నకలు మీద మొదలుపెట్టాను. ఒకచోట మారిస్తే కంప్యూటర్ కొయ్యబారిపోయింది. ఇంకోచోట మారిస్తే తెరనిండా పిచ్చిగీతలు. చిన్న సేటు రెండుసార్లు వచ్చి, “అయితదా కాదా?” అని అడిగి పోయాడు. యాకలక్ష్మి మాత్రం కొత్త కీబోర్డు మీద వేళ్లు ఆనించి చూస్తోంది. కొత్తదాంట్లో కంట్రోల్ మీట కింది మూలకు జరిగింది.

“ఇది ఇబ్బంది అవుతదేమో చెల్లే,” అన్నాను.

“చిటికెన ఏలు జర కింది దాక సాగాలె, గంతే. దాని సంగతి నేను చూసుకుంట. లోపలిది మీరు చూడుండ్రి అన్నా.”

చివరికి దొరికింది. ప్రోగ్రామ్ మొదట్లోనే ఒక ప్రశ్న ఉంది: నీ వర్షన్ ఎంత? రెండు కాకపోతే బయటికి పో. అంతే. మూడో వర్షన్ మీద నడుస్తుందా నడవదా అని అది ప్రయత్నించి చూసింది లేదు. గడప దగ్గరే నంబరు చూసి వెనక్కి పంపిస్తోంది. ఆ పంపించే చోట రెండు అంకెలు మార్చాను. ఇన్‌స్టాల్ నోరెత్తకుండా అయిపోయింది. పాత ప్రోగ్రామ్ కొత్త హార్డ్ డిస్క్ మీద తెరుచుకుంది.

చిన్న సేటు ఊరుకోలేదు. “తెర్సుకుంటె అయిపాయెనా? పని నడువాలె,” అని కోయంబత్తూరుకు ఒక పొడుగు ఉత్తరం గబగబా చెప్పడం మొదలుపెట్టాడు. కావాలనే ఆమెకు ఊపిరాడనివ్వలేదు. మధ్యలో ఒక మిల్లు పేరు మార్చాడు, మొదటి పేరాలో ఇంకో మాట చేర్చమన్నాడు. ఆమె చిటికెన వేలు కింది మూలకు సాగింది, కర్సర్ ఎగిరి మొదటి పేరాకు పోయింది, మాట చేరింది. ఆయన ఆగేసరికి ఆమె కూడా ఆగింది. ప్రింటు తీసి ఆయన చేతిలో పెట్టింది. ఆయన ఆ కాగితాన్ని వెలుతురుకు పెట్టి మరీ చదివాడు.

“సరె, ఉండు,” అన్నాడు చివరికి. మళ్లీ నావైపు తిరిగి, “ఎన్నొద్దులు నడుస్తది గిది? రేపు ఇంకో కొత్తది వస్తె?”

నేను నోరు తెరిచేలోపు యాకలక్ష్మి అందుకుంది. “వస్తది. గా కొత్త సాఫ్ట్‌వేర్ పుస్తకం గిటియ్యుండ్రి. నేర్చుకుంట.”

“గది నీతోని అయితదా?”

“అయితదో కాదో నేను చెప్త సేటూ. మీరు చెప్పకుండ్రి.”

అప్పటిదాకా నేనొక ఆడపిల్లను కాపాడుతున్నానని లోలోపల తెగ మురిసిపోతున్నాను. కొత్తది ఆమెకు రాదని నేనూ తీర్మానించేసుకున్నాను. ఆమె అడిగింది జాలి కాదు, నేర్చుకునేదాకా తన కుర్చీ తనకు ఉండటం. పుస్తకం ఆమె చేతిలో పెడుతుంటే నాకు సిగ్గూ గర్వమూ రెండూ కలిగాయి.

ఆ తర్వాత చాలా ఏళ్లు ఈ వృత్తిలో ఉన్నాను. ఏ సాఫ్ట్‌వేర్ గురించైనా ‘ఎక్కదు’ అని రాసేముందు దాని కడుపు విప్పి చూశాను. మనుషుల గురించి మాత్రం ఆ ముక్క ఎన్నడూ రాయలేదు. అది చెప్పే హక్కు వాళ్లది.