ఎగ్జాస్ట్ ఫ్యాన్ చప్పుడు

కువైట్‌లోని రిగ్గైలో మా వంటింటి ఎగ్జాస్ట్ ఫ్యాన్ గుర్రుమని మొదలై, మాడిన నూనె వాసన ముక్కుకు తగిలిందంటే నాకు సుభద్ర టీచర్ గుర్తొస్తారు. నా చిన్నతనంలో ఇక్కడే సాల్మియాలో మా ఎదురు ఫ్లాటు ఆవిడది. మా స్కూల్లోనే చరిత్ర చెప్పేవారు. రాజమండ్రి మనిషి, బొద్దింక కనబడితే కుర్చీ ఎక్కేంత ధైర్యశాలి.

తొమ్మిదో తరగతిలో యుద్ధకాలపు జర్మనీ పాఠం వచ్చింది. పక్కింటి యూదులను లారీలెక్కిస్తుంటే కిటికీలకు తెరలు లాగేసుకుని, ఆనక మాకేం తెలియదన్న మామూలు జనం గురించి చెప్పారు. నేను లేచి, నేనైతే వీధిలోకి వెళ్లి అరిచేదాన్నని ప్రకటించాను. నా ఉపన్యాసమంతా ఆవిడ ఓపిగ్గా విన్నారు.

"బాగుందమ్మా. మరి పొయ్యి మీద ఏమీ లేకుండానే మీ ఇంట్లో ఎగ్జాస్ట్ ఫ్యాన్ ఎందుకు తిరుగుతుంది?"

క్లాసంతా నవ్వింది. నా మొహం మాడిపోయింది. మా పై ఫ్లాట్లో విజయవాడ వాళ్లుండేవారు. వాళ్లింట్లో పనిచేసే రాయచోటి ఓబులమ్మ ఊరికి పోతానని అడిగినప్పుడల్లా ఇంటావిడ తిట్లు, ఒక్కోసారి చెంపదెబ్బల చప్పుడు వంటిళ్ల గాలిగొట్టం గుండా మా ఇళ్లలోకి దిగేవి. ఓబులమ్మ పాస్‌పోర్టు ఆవిడ బీరువాలో ఉంది. గోల మొదలవగానే అమ్మ ఫ్యాన్ వేసేది.

"మీకంటే ముందు నేనే వేస్తాను," అన్నారు టీచర్. ఈసారి ఎవరూ నవ్వలేదు.

ఆ సాయంత్రం పులిహోర గిన్నెతో మా తలుపు తట్టారు. పోట్లాటకైనా సరే, మనవాళ్లింటికి వట్టి చేతులతో వెళ్లకూడదట. అమ్మ నసుగుతూనే చెప్పులేసుకుంది, నేనూ వెంటపడ్డాను. మెట్లెక్కినంతసేపూ టీచర్ చెప్పాల్సిన మాటలు గొణుక్కుంటూనే ఉన్నారు. బట్టీపట్టిన మాటలన్నీ మరిచిపోయి వాళ్ల సోఫాలో కూలబడ్డారు.

"ఫ్యాన్ వేసినా అన్నీ వినబడుతున్నాయండీ. ఆ పిల్ల పాస్‌పోర్టు ఇచ్చేదాకా నేను లేవను."

ఇంటావిడ, వీసా ఇచ్చిన కఫీల్‌ని అడగాలంది, బీరువా తాళం పోయిందంది. కంగారు పట్టలేక టీచర్ తను తెచ్చిన పులిహోర తానే తినడం మొదలుపెట్టారు. గిన్నె అడుగు కనబడే వేళకు తాళం దొరికింది.

ఊరికి వెళ్లేరోజు ఓబులమ్మ వచ్చి టీచర్ చేతులు పట్టుకుంది.

"ఇన్నాళ్లూ మీకు ఇనపడ్లేదేమో అనుకుంటి టీచరమ్మా."

టీచర్ తల దించుకుని, ఓబులమ్మ పెట్టె తానే అందుకుని కిందికి మోశారు. నాకూ సిగ్గేసింది. ఆ సిగ్గు ఇంకా పోలేదు.

టీచర్ ఇప్పుడు లేరు. ఆవిడ పిరికితనం మాత్రం నాకు పూర్తిగా వచ్చింది. అయినా ఫ్యాన్ వేసే ముందు ఒక్క నిమిషం గొట్టం కింద నిలబడి వింటాను. ఫ్రిజ్‌లో పులిహోర పులుసు ఎప్పుడూ సిద్ధంగా ఉంచుతాను.