వెనక చక్రాలకు కందెన

చిత్తూరులో పలమనేరు రోడ్డు మొదట్లో ఒక మేస్త్రీ షెడ్డు ఉండేది. బ్రేకుల పని వచ్చిందంటే ఆ మనిషి ముందుగా చేసేది, కారుకూ మనకూ మధ్య ఒక గోనెపట్టా కట్టడం. ఆ గోనెపట్టా తలుచుకుంటే నాకిప్పటికీ ఒళ్ళు మండుతుంది.

రెండో ప్రపంచయుద్ధం ముగిసిన మరుసటేడు సంగతి. నాకొక పాత బాడుగ కారు ఉండేది. చిత్తూరు నుంచి పలమనేరుకూ తిరుపతికీ జనాన్ని తోలేవాణ్ణి. పలమనేరు పోతే మొగిలి ఘాటురోడ్డు ఎక్కాలి, మళ్ళీ దిగాలి. ఘాటు దిగే కారుకు బ్రేకు లైనింగు ఎంతోకాలం నిలవదు. చక్రం లోపలి డ్రమ్ముకు ఒరుసుకొని కారును ఆపే పట్టీ అది. అరిగితే పాతది పీకి, కొత్తది రాగి రివెట్లతో షూలనే వంపు ఇనపముక్కలకు బిగించాలి. అంతే పని. ఆ కాస్త పనికి మేస్త్రీ నా కారును మూడేసి రోజులు పెట్టుకునేవాడు. ఎప్పుడు పోయినా "రేపు రాప్పా" అనేవాడు. ఆ రేపటికి అంతుండేది కాదు.

ఒకసారి ఉండబట్టలేక పట్టా అంచు ఎత్తి లోపలికి తొంగి చూశాను. స్పానరు పట్టుకొని బయటికి వచ్చాడు.

"నీ పని తోలేది. ఇది నా పని. నీకు తెలీదులే, పోయి ఆడ కూర్చో పో" అన్నాడు.

అక్కడ నలుగురైదుగురు లారీవాళ్ళు టీ తాగుతున్నారు. వాళ్ళ ముందు నన్ను తరిమాడు. కారు నాది, అందులో కూర్చుని ఘాటు దిగే ప్రాణం నాది, చూడ్డానికి మాత్రం నాకు హక్కు లేదు. ఆ సాయంత్రం కారు తీసుకొని బంగారుపాళ్యం దాకా పోయానో లేదో, బ్రేకు తొక్కితే చాలు వెనక చక్రం కీచుమని అరవడం మొదలుపెట్టింది. తిరిగొచ్చి అడిగితే నాకు బ్రేకు తొక్కడం చేతకాదన్నాడు. ఇక మీదట నా బ్రేకులు నేనే వేసుకుంటానని అక్కడే చెప్పేశాను.

"వేసుకో. ఘాట్లో కనపడతావులే" అన్నాడు. లారీవాళ్ళు నవ్వారు.

ఆ నవ్వు చెవుల్లో పెట్టుకొనే వేలూరు పోయి లైనింగూ రివెట్లూ తెచ్చుకున్నాను. చెల్లెలికి ఏడో నెల. తొలి కాన్పు. పలమనేరు నుంచి పుట్టింటికి పిలుచుకొని రావాలి. అంతకు ముందురోజు పొద్దున్నే వాకిట్లో కారు ఎత్తి రాళ్ళమీద నిలిపి చక్రాలు విప్పాను. విప్పి చూస్తే ఏముంది, రెండు వంపు షూలు, వాటిని దగ్గరికి లాగే స్ప్రింగులు. ఇంతేనా అనిపించింది. ఈ కాస్త దాచుకోవడానికా ఇన్నేళ్ళూ ఆ పట్టా కట్టిందని పళ్ళు కొరుక్కుంటూ పని మొదలుపెట్టాను.

మా నాయన పక్కన గొంతు కూర్చున్నాడు. ఆయన ముప్పై ఏళ్ళు ఎద్దులబండి తోలినవాడు. చిత్తూరు బెల్లం ఆయన బండిమీద ఎక్కడెక్కడికో పోయింది. నేను కారు కొంటానంటే ఎద్దుల్నీ బండినీ అమ్మేసి ఆ డబ్బు నా చేతిలో పెట్టాడు. ఒక్క మాట అడగలేదు. ఇంట్లో మిగిలిన పాత ఇరుసు ముక్క తెచ్చి, దీనిమీద పెట్టి రివెట్లు కొట్టరా అని ఇచ్చాడు.

నేను కొడుతుంటే చూస్తూ, "ఇది చక్రాన్ని యెట్లా పట్టుకుంటాదిరా?" అన్నాడు.

రివెటు తల లైనింగులోకి మునిగేట్టు కొట్టాలి, పైకి తేలితే డ్రమ్మును గీరేస్తుంది. నా ధ్యాసంతా దానిమీద ఉంది. కాసేపాగి మళ్ళీ అదే అడిగాడు. చూస్తూ ఉండు, తెలుస్తుందన్నాను. మూడోసారి అడిగేటప్పటికి నాకు చిర్రెత్తింది.

"నీకు తెలీదులే నాయనా. ఇది ఎద్దులబండి కాదు. పోయి ఆడ కూర్చో" అన్నాను.

మేస్త్రీ నాతో అన్న మాటే అది. ఇంచుమించు అవే మాటలు. అంటున్నప్పుడు నాకా సంగతి తట్టనేలేదు. ఆయన లేచి పోయి అరుగుమీద కూర్చున్నాడు.

ముందు చక్రాలు రెండూ ఎక్కించాను. వెనకవాటికి షూలు బిగించేసరికి పొద్దు నడినెత్తికి వచ్చింది. ఇంక డ్రమ్ములూ చక్రాలూ ఎక్కించడమే మిగిలిందని, సంగటి తినడానికి లోపలికి పోయాను. తిని వచ్చేసరికి వెనక చక్రాలు రెండూ ఎక్కి ఉన్నాయి. నట్లు కూడా గట్టిగా బిగించి ఉన్నాయి.

"ఎక్కించేసినా. పొద్దున్నించి సూస్తానే ఉండా గదా" అన్నాడు నాయన.

ఆయన పక్కన వెదురుగొట్టం ఉంది. బండి ఉన్న ప్రతి ఇంట్లో ఉండే గొట్టమే. ఆముదంలో వరిగడ్డి మసి కలిపి కందెన చేసి అందులో పోసుకుంటారు, ఇరుసుకు పూయడానికి. బండి అమ్మినా మా నాయన ఆ గొట్టాన్ని అమ్మలేదు. అది చూశాను. ఆయన వేళ్ళు నల్లగా ఉండడమూ చూశాను. ఏం పూశావు, ఎక్కడ పూశావు అని అడగలేదు. నాకు పని తప్పిందన్న సంతోషంలో చక్రాన్ని కాలితో ఒకసారి తన్ని, సరే అన్నాను.

మర్నాడు నాయనను పక్కన కూర్చోబెట్టుకొని పలమనేరు బయలుదేరాను. మేస్త్రీ షెడ్డు ముందు కావాలని నెమ్మదిగా పోనిచ్చి హారన్ కొట్టాను. బ్రేకులు బ్రహ్మాండంగా పట్టాయి. ఘాటు ఎక్కి పలమనేరు చేరేదాకా నాకు నేలమీద కాళ్ళు లేవు.

చెల్లెల్ని వెనక సీట్లో కూర్చోబెట్టుకొని మధ్యాహ్నం తిరుగుదారి పట్టాం. ఘాటు మొదటి మలుపు బాగానే దిగింది. రెండోది కూడా. మూడో మలుపు దగ్గర బ్రేకు తొక్కితే కారు ఆగినట్టే ఆగి మళ్ళీ జారింది. ఇంకా గట్టిగా తొక్కాను. ముందు చక్రాలే పట్టుకుంటున్నాయి, వెనకవి వాటి ఇష్టానికవి తిరుగుతున్నాయి. హ్యాండ్‌బ్రేకు లాగితే ఊరికే చేతిలోకి వచ్చింది. గేరు కిందికి వేశాను. ఎదురుగా కట్టెలబండి ఒకటి ఎక్కి వస్తోంది, ఇటుపక్క లోయ. కారును కొండవైపు తిప్పి రాతికి ఆనించేశాను. ఒక పక్కంతా గీరుకుంటూ పోయి, ముందు చక్రం కాలువలో దిగి ఆగింది.

చెల్లెలు రెండు చేతులూ కడుపుమీద పెట్టుకొని కూర్చుంది. ఏమన్నా అయిందామ్మా అంటే తల అడ్డంగా ఊపింది. నాయన దిగి వెనక చక్రం దగ్గరికి పోయాడు. చక్రంలోంచి పొగ వస్తోంది. వంగి వాసన చూశాడు.

"ఆముదం" అన్నాడు.

డ్రమ్ము నడుమ, ఇరుసు చుట్టూ ఆయన కందెన దిట్టంగా పట్టించాడు. చల్లగా ఉన్నంతసేపూ అది కదల్లేదు. దిగుడులో డ్రమ్ము కాలేసరికి కరిగి నా కొత్త లైనింగులోకి పారింది.

"చక్రం ఊడబెరికినాక కందెన పెట్టకుండా ఎక్కిస్తే ఇరుసు కాలిపోదారా?" అన్నాడు. ఆయన నిజంగానే అడుగుతున్నాడు.

నేను చెప్పలేదు, అరిచాను. మమ్మల్ని చంపుదామనుకున్నావా అన్నాను. కడుపుతో ఉన్న బిడ్డని కూడా చూసుకోవా అన్నాను. ఇంక ఈ కారుమీద చెయ్యి పెట్టొద్దన్నాను. కట్టెలబండివాడు దిగొచ్చి, పోనీలేప్పా పెద్దాయన అంటున్నా నేను ఆగలేదు. చెల్లెలు ఏడుస్తూ, చాల్లే అన్నా అనేదాకా అరిచాను.

వెనకే వచ్చిన బస్సులో చెల్లెలితో పాటు నాయనను పంపించాను. మరుసటిరోజు ఒక లారీకి కట్టి కారును చిత్తూరికి లాక్కొచ్చారు. లారీవాడికి తెలిసిన షెడ్డు ఒక్కటే, ఆ మేస్త్రీది. నాయన కూడా నడుచుకుంటూ అక్కడికి వచ్చాడు. నేను రమ్మనలేదు.

ఆ రోజు మేస్త్రీ గోనెపట్టా కట్టలేదు. అందరికీ కనపడేట్టు వాకిట్లోనే డ్రమ్ము ఊడదీశాడు. వేలు పెట్టి తీసి, వాసన చూసి, చుట్టూ ఉన్నవాళ్ళకు చూపించాడు. అందులో నాయనతో కలిసి బెల్లంబండ్లు తోలినవాళ్ళు కూడా ఉన్నారు.

"ఎవురప్పా బ్రేకుకు కందెన పూసినోడు?" అన్నాడు.

నాయన నావైపు చూశాడు.

"మా నాయన" అన్నాను.

అందరూ నవ్వారు. మేస్త్రీ అయితే కూలబడి నవ్వాడు. నాయన తల వంచుకొని, "అవునప్పా, నేనే. తెలీక చేసినా" అన్నాడు.

పని నాది. మూడుసార్లు అడిగినా చెప్పనివాణ్ణి నేను. గొట్టం చూసి కూడా ఊరుకున్నవాణ్ణి నేను. నేనే పూశానని ఒక్క మాట అంటే ఆ నవ్వు నామీద పడి పోయేది. ఆ వయసులో ఒక నవ్వు నన్నేం చేసేది? అక్కడికి ఘాట్లో అరిచింది చాలలేదన్నట్టు, నలుగురిలో ఆయన్ను పట్టించాను. మేస్త్రీని తిట్టుకోవడానికి నాకు నోరు లేకుండా పోయింది.

ఆ తర్వాత బ్రేకుల పని బాగానే నేర్చుకున్నాను. కారు ఉన్నన్నాళ్ళూ నా లైనింగులు నేనే వేసుకున్నాను. ఏది ఎందుకో ఇప్పుడు చెప్తాను, వచ్చి చూడు నాయనా అని ఎన్నిసార్లు పిలిచినా ఆయన రాలేదు. కోపంతో కాదు. పనుందనేవాడు.

చెల్లెలికి కొడుకు పుట్టాడు. ఉయ్యాల నేనే కట్టాను. ఒక పొద్దున చూస్తే నాయన ఉయ్యాల పక్కన నిలబడి ఉన్నాడు, చేతులు రెండూ వెనక కట్టుకొని. బండి నిండా సరుకు వేసి తాడు బిగిస్తే రాళ్ళదారిలో కూడా సడలకుండా ముడి వేసిన మనిషి ఆయన.

"ముడి వదులుగా ఉండాది" అన్నాడు. "నేను ముట్టుకోవచ్చునా అప్పా?"

నాకు ఒళ్ళంతా మండిపోయింది. ఆ మంట ఎవరిమీదో ఆయనకు తెలియదు. ముట్టుకో నాయనా అన్నాను. నెమ్మదిగానే అనాలనుకున్నాను, కసురుకున్నట్టు వచ్చింది. ముడి దాకా పోయిన చేతుల్ని ఆయన వెనక్కి తీసేసుకున్నాడు.